వారెంటు ఉంది, కానిస్టేబుల్ లేడు

సంపాదకుల వారికి నమస్కారం.

కోర్టు ఉద్యోగంలో ముప్ఫై మూడేళ్ళు గడిపి, శిరస్తాదారుగా రిటైరై, పెదవాల్తేరులో ఉంటున్న మీ పాతకాలపు పాఠకుణ్ణి. రష్యా అధ్యక్షుడు పుతిన్ 2025 డిసెంబరు 4న ఢిల్లీ వచ్చిన సందర్భంలో మీరు బాక్సు కట్టి వేసిన వార్తకు ‘పుతిన్‌పై అంతర్జాతీయ న్యాయస్థానం వారెంటు’ అని శీర్షిక పెట్టారు. అది పొరపాటు. ఆ సంగతి ఒక్కటీ కార్డు ముక్క మీద రాసి పంపుదామని మొదలుపెట్టాను గానీ, రాయబోయేసరికి దాని వెనక ఉన్న వ్యవహారమంతా తీగ లాగినట్టు వచ్చి నిడివి పెరిగింది. చోటు చాలకపోతే కత్తిరించుకోవచ్చు. శీర్షిక సంగతి మాత్రం వదలవద్దని మనవి.

హేగ్ నగరంలో ఉన్నవి రెండు వేర్వేరు న్యాయస్థానాలు. ఒకటి ఐక్యరాజ్యసమితికి అంగమైన అంతర్జాతీయ న్యాయస్థానం. అక్కడ వాది ప్రతివాదులు దేశాలే తప్ప మనుషులు కారు. కులభూషణ్ జాధవ్ వ్యవహారంలో 2019లో మన దేశం పాకిస్తాన్‌పై తీర్పు తెచ్చుకున్నది ఆ కోర్టులోనే. రెండోది అంతర్జాతీయ నేర న్యాయస్థానం. 1998 జూలై 17న రోమ్ నగరంలో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 2002 జూలై 1 నుంచి ఉనికిలోకి వచ్చిన ఈ కోర్టులో ముద్దాయిగా నిలబడేది మనిషే. అతడు దేశాధ్యక్షుడైనా సేనాపతి అయినా ఆ పదవి అడ్డురాదని ఒప్పందంలోనే రాసుకున్నారు. జాతిహననం, మానవాళి పట్ల నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ అనే నాలుగు నేరాల వరకే దాని పరిధి. ఉక్రెయిన్‌లోని ఆక్రమిత ప్రాంతాల నుంచి పిల్లలను చట్టవిరుద్ధంగా రష్యాకు తరలించారన్న అభియోగంపై 2023 మార్చి 17న పుతిన్ మీద వారెంటు ఇచ్చింది ఈ రెండో కోర్టు.

డిసెంబరు 4 మన ఊరికి నౌకాదళ దినోత్సవం. ఏటా ఆ రోజు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి దగ్గరలో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం వద్ద 1971 యుద్ధవీరులకు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. మర్నాడు తెల్లవారి మేము నడకకు వెళ్ళేసరికి ఆ పూలు ఉప్పుగాలికి అప్పుడే అంచులు నల్లబడి ఉన్నాయి. నాతో పాటు రోజూ నడిచే మిత్రుడొకరు పోర్టులో పనిచేసి రిటైరైనవారు. ముందు రోజు రాత్రి టీవీలో పాలం విమానాశ్రయం దృశ్యాలు చూసి వచ్చి, స్మారకం ముందు ఆగి, “శిరస్తాదారు గారూ, ఆయన మీద వారెంటుంది కదేటండీ! విమానం మెట్ల కాడే పట్టుకోవాల్సిన మనిషిని మనోళ్ళు కావలించుకున్నారేటి?” అని అడిగారు. మన దేశం ఆ రోమ్ ఒప్పందంపై సంతకం చేయలేదనీ, కాబట్టి పట్టి ఇవ్వవలసిన బాధ్యత చట్టప్రకారం మనకు లేదనీ చెప్పాను. ఆయన ఊరుకోలేదు. “మరయితే ఆ వారెంటెందుకండీ, ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోడానికా?”

ఆ ప్రశ్న నా ఉద్యోగ జీవితమంతా నన్ను వెన్నాడినదే. మేజిస్ట్రేటు కోర్టులో నేను వారెంట్ల రిజిస్టరు చూసిన రోజుల్లో నాన్‌బెయిలబుల్ వారెంటు మీద దొరగారు సంతకం పెట్టాక, సీలు వేసి, నంబరు ఎక్కించి, కోర్టు కానిస్టేబుల్ చేతికిచ్చి పుస్తకంలో అతని సంతకం తీసుకునేదాకా మా పని. అక్కడి నుంచి అది స్టేషను వారి దయ. వాయిదా నాటికి అది వెనక్కి వచ్చేది, వెనక ఎర్ర సిరాతో ‘ముద్దాయి ఇంటివద్ద లేడు, విచారించగా ఆచూకీ తెలియరాలేదు, కావున వారెంటు తిరిగి దాఖలు చేయడమైనది’ అని రాసి. ఒకసారి అలా వరసగా నాలుగు వాయిదాలు వెనక్కి వచ్చిన వారెంటులోని పెద్దమనిషిని నేను ఒక సన్మాన సభలో వేదిక మీద చూశాను. మెడలో బంతిపూల దండ, పక్కన శాలువాల పళ్ళెం. వేదిక కింద బందోబస్తుకు నిలబడి ఉన్నది ఎవరనుకున్నారు? మా రిజిస్టరులో సంతకం పెట్టి ఆ వారెంటు పట్టుకెళ్ళిన కానిస్టేబులే. నన్ను చూసి తల దించుకున్నాడు పాపం. వాడిని అనుకొని ఏం లాభం, పై నుంచి మాట వస్తే గానీ వాడి చెయ్యి కదలదు. తర్వాత కొన్నాళ్ళకు ఆ పెద్దమనిషికి పైవాళ్ళతో చెడింది. అంతే, అయిదో వారెంటుకు మూడో రోజునే తెచ్చి బోనులో నిలబెట్టారు.

హేగ్‌లోని నేర న్యాయస్థానం సంగతి అచ్చంగా ఇదే. పద్ధెనిమిది మంది న్యాయమూర్తులున్నారు, ప్రాసిక్యూటరు ఉన్నారు, కస్టడీ గదులున్నాయి. సొంతానికి ఒక్క కానిస్టేబుల్ లేడు. 2025 నాటికి 125 దేశాలు అందులో చేరి ఉన్నాయి గనుక వాటి పోలీసులే దానికి పోలీసులు. ఎవరి మీద వారెంటు వస్తుందో వాళ్ళే చాలాసార్లు ఆ పోలీసులకు యజమానులు, కాకపోతే ఆ యజమానులకు మిత్రులు. ప్రభుత్వాలకూ ఈ కోర్టుకూ నడిచే పేచీ అంతా ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది.

అన్నిటికంటె చెప్పుకోదగ్గది దక్షిణాఫ్రికాలో జరిగింది. సూడాన్ దేశపు డార్ఫూర్ ప్రాంతంలో జరిగిన ఘోరాల విషయంలో అప్పటి అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌పై 2009లో ఒక వారెంటు, జాతిహననం అభియోగంతో 2010లో మరొకటి వెలువడ్డాయి. ఆయన 2015 జూన్‌లో ఆఫ్రికా దేశాల శిఖరాగ్ర సమావేశానికని జొహానెస్‌బర్గ్ వెళ్ళాడు. దక్షిణాఫ్రికా రోమ్ ఒప్పందంలో సభ్యదేశం మాత్రమే కాదు, దాన్ని అమలుచేయడానికి 2002లోనే తన పార్లమెంటులో సొంత చట్టం చేసుకున్న దేశం కూడాను. ఆ చట్టం చేతపట్టుకుని అక్కడి ఒక స్వచ్ఛంద న్యాయ సంస్థ ప్రిటోరియా హైకోర్టు తలుపు తట్టింది. విచారణ తేలేదాకా బషీర్ దేశం దాటకూడదని కోర్టు ఆదివారం నాడే ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడు సోమవారం కోర్టులో వాదనలు జరుగుతుండగా, తమకు తెలిసినంతవరకు ఆయన దేశంలోనే ఉన్నారని ప్రభుత్వ న్యాయవాది చెబుతూ ఉండగా, ఆయన విమానం వాటర్‌క్లూఫ్ సైనిక విమానాశ్రయం నుంచి లేచిపోయింది. అరెస్టు చేయమని కోర్టు తీర్పు చదివేసరికి పక్షి గూట్లో లేదు. మరుసటి ఏడు అక్కడి సుప్రీం అప్పీలు కోర్టు ప్రభుత్వం చేసింది చట్టవిరుద్ధమని తేల్చింది. ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది: ప్రభుత్వాన్ని బోనెక్కించింది హేగ్ కోర్టు కాదు, ఆ దేశపు సొంత హైకోర్టు, ఆ దేశపు సొంత చట్టంతో.

అదే బషీర్ ఆ సంవత్సరం అక్టోబరులో ఇండియా–ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశానికి మన ఢిల్లీ వచ్చాడు. ఆయనను అరెస్టు చేసి అప్పగించవలసిందిగా కోర్టు మన దేశాన్ని కోరింది. మనం సభ్యులం కాము. డార్ఫూర్ వ్యవహారాన్ని కోర్టుకు పంపిన 2005 నాటి భద్రతా మండలి తీర్మానం కూడా సభ్యులు కాని దేశాలను సహకరించమని కోరిందే గాని ఆజ్ఞాపించలేదు. కాబట్టి మన ప్రభుత్వం చట్టాన్ని ఉల్లంఘించిందని నేను అనను. అయితే ఆ వారంలో ఢిల్లీలో ఎవరైనా హైకోర్టుకు వెళ్ళాలనుకున్నా చేతపట్టుకోవడానికి వారికి ఒక సెక్షన్ అంటూ లేదు. ఈ మాట గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తక్కినవి త్వరగా చెబుతాను. మంగోలియా సభ్యదేశమే, 2024 సెప్టెంబరులో పుతిన్‌కు సైనిక వందనంతో స్వాగతం పలికింది. చుట్టూ రష్యా, చైనాల మధ్య ఇరుక్కున్న దేశం, ఇంధనానికి రష్యా మీద ఆధారపడిన దేశం, ఇంకేం చేస్తుంది అని జాలిపడవచ్చు. ఇటలీకి ఆ సాకు కూడా లేదు. ఒప్పందం కుదిరింది ఆ దేశ రాజధానిలోనే, దాని పేరే రోమ్ ఒప్పందం. జైళ్ళలో చిత్రహింసలు పెట్టించాడన్న అభియోగంపై కోర్టు వెదుకుతున్న లిబియా అధికారి ఒకడు 2025 జనవరిలో టూరిన్ నగరంలో పోలీసులకు దొరికాడు. రెండు రోజులు తిరక్కుండా, అరెస్టు పద్ధతిలో లోపం ఉందని విడుదల చేసి, ఏకంగా ప్రభుత్వ విమానంలో ఎక్కించి ట్రిపోలీలో దింపి వచ్చారు. మధ్యధరా సముద్రం మీదుగా వచ్చే వలస పడవలను ఆపడానికి ఇటలీకి లిబియా అవసరం ఎంతో అందరికీ తెలిసిందే. ఇక హంగరీ, ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద 2024 నవంబరు 21న వారెంటు వచ్చాక, 2025 ఏప్రిల్‌లో ఆయనకు అతిథి మర్యాదలు చేస్తూ ఆ రోజే కోర్టు నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. వారెంటును లెక్కచేయని వాళ్ళలో హంగరీకి కనీసం దాపరికం లేదు.

ఫిలిప్పీన్స్ కథ మా సన్మాన సభ పెద్దమనిషి కథకు పెద్ద అచ్చు. మత్తుమందుల మీద యుద్ధం పేరిట మాజీ అధ్యక్షుడు డుటెర్టే హయాంలో, పోలీసుల లెక్కల ప్రకారమే ఆరు వేలకు పైగా మనుషులు చచ్చిపోయారు. కోర్టు ఆ సంగతి పరిశీలించడం మొదలుపెట్టగానే ఆయన తన దేశాన్ని ఒప్పందం నుంచి బయటికి లాగేశాడు. అది 2019 మార్చి 17 నుంచి అమలైంది. సభ్యత్వం ఉన్న కాలంలో జరిగిన నేరాలపై అధికారం పోదు గనుక కోర్టు దర్యాప్తు ఆపలేదు. తర్వాత వచ్చిన అధ్యక్షుడు మార్కోస్ మొదట్లో సహకరించేది లేదన్నాడు. ఆపైన ఆ రెండు కుటుంబాలకూ చెడింది. 2025 మార్చి 11న డుటెర్టే హాంకాంగ్ నుంచి మనీలాలో దిగీ దిగగానే పోలీసులు పట్టుకుని ఆ రాత్రికే హేగ్ విమానం ఎక్కించారు. వీధుల్లో కొడుకులను పోగొట్టుకున్న తల్లులకు ఆ రోజు న్యాయం మొదలైందన్నది నిజమే. రెండు ఇళ్ళ తగాదా లేకపోతే ఆ విమానం లేచేదా అన్న సందేహమూ నిజమే.

వారెంటు తిరిగి రావడం ఒక ఎత్తు, వారెంటు ఇచ్చిన న్యాయమూర్తి మీదనే పడడం మరొక ఎత్తు. అమెరికా ఈ కోర్టులో ఎప్పుడూ సభ్యదేశం కాలేదు. 2000 డిసెంబరు 31న క్లింటన్ సంతకం చేస్తే, 2002లో బుష్ ప్రభుత్వం ఆ సంతకానికి తాము కట్టుబడబోమని రాసి పంపింది. అదే ఏడాది ఆగస్టులో, అమెరికా సైనికుడెవరినైనా హేగ్‌లో నిర్బంధిస్తే విడిపించడానికి అవసరమైన ఏ మార్గమైనా వాడే అధికారం అధ్యక్షుడికి ఇస్తూ చట్టం చేశారు. హేగ్ ఉన్న నెదర్లాండ్స్ నాటో కూటమిలో అమెరికాకు మిత్రదేశం. ఆ మిత్రుడి ఊరి మీదికి దండెత్తే చట్టమని దానికి వెక్కిరింపు పేరు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో మొదట ప్రాసిక్యూటరుపై, జూన్‌లో నలుగురు న్యాయమూర్తులపై, ఆగస్టులో మరో ఇద్దరు న్యాయమూర్తులు, ఇద్దరు డిప్యూటీ ప్రాసిక్యూటర్లపై ఆంక్షలు పడ్డాయి. ఉగాండా, పెరూ, బెనిన్, స్లొవేనియా, కెనడా, ఫ్రాన్స్ దేశాల నుంచి వచ్చిన న్యాయమూర్తులు వీరు. అమెరికా గడ్డ మీద అడుగుపెట్టడానికి వీల్లేకపోవడం వీరికి పెద్ద కష్టం కాకపోవచ్చు. కానీ తాము తిరిగేది యూరప్‌లోనే అయినా బ్యాంకు కార్డులు పనిచేయక, ఆన్‌లైన్ ఖాతాలు మూతబడి, హోటలు గది బుక్ చేసుకోవడం కూడా గగనమైందని వారిలో కొందరు పత్రికలకు చెప్పారు. కార్డుల కంపెనీలు అమెరికావి కదా! రష్యా పద్ధతి వేరు, అది తన అధ్యక్షుడి మీద వారెంటు ఇచ్చిన న్యాయమూర్తుల పేర్లనే వాంటెడ్ జాబితాలో ఎక్కించింది. నా సర్వీసులో ముద్దాయి తరఫు వాళ్ళు కోర్టు ఆవరణలో గుడ్లురమడం చూశాను, సాక్షులను బెదిరించడం చూశాను. జడ్జిగారి ఏటీఎం కార్డు ఆపించగల ముద్దాయిని మాత్రం చూడలేదు.

అలాగని మా పోర్టు మిత్రుడు అన్నట్టు ఈ వారెంట్లు గోడకు తగిలించుకునే పటాలు అనుకోవద్దు. 2023 ఆగస్టులో బ్రిక్స్ సమావేశం జొహానెస్‌బర్గ్‌లో జరిగితే పుతిన్ వెళ్ళలేదు, వీడియోలో మాట్లాడి ఊరుకున్నాడు. బషీర్ నాటి అప్పీలు కోర్టు తీర్పు ఆ దేశంలో సజీవంగా ఉంది మరి. మా కోర్టుల్లో పరారీలో ఉన్న ముద్దాయి కేసును లాంగ్ పెండింగ్ రిజిస్టరుకు మార్చేముందు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 299వ సెక్షన్ కింద సాక్షుల వాంగ్మూలం తీసుకుని భద్రపరిచేవాళ్ళం, రేపు వాడు దొరికేనాటికి సాక్షి బతికి ఉంటాడో లేదో అని. హేగ్ కోర్టు ఇప్పుడు అటువంటి దారే పట్టింది. ఉగాండాలో పిల్లలను ఎత్తుకుపోయి చేతికి తుపాకులిచ్చిన జోసెఫ్ కోనీ మీద 2005లో వారెంటు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు చూసి, 2025 సెప్టెంబరులో అతడు లేకుండానే అభియోగాల ఖరారుపై విచారణ జరిపింది. డార్ఫూర్ కేసుల్లో కూడా బషీర్ చేతికి రాలేదు గానీ, అక్కడి మిలీషియా నాయకుడు అలీ కుషైబ్‌ను 2025 అక్టోబరులో దోషిగా తేల్చింది. ఇరవై ఏళ్ళనాటి ఊచకోతకు ఒక్కడైనా తీర్పు విన్నాడు.

ఇక మన దేశం మాట. రోమ్‌లో ఆ ఒప్పందానికి 120 దేశాలు ఓటు వేస్తే, 7 దేశాలు వ్యతిరేకించాయి, 21 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. మనం ఆ తటస్థుల్లో ఉన్నాం. మనవాళ్ళ అభ్యంతరాలను కొట్టిపారేసే వాళ్ళంటే నాకు కోపం, ఎందుకంటే అందులో మొదటిది నేటికీ జవాబు లేనిది. భద్రతా మండలి ఏ దేశం వ్యవహారాన్నయినా ఈ కోర్టుకు పంపవచ్చు, నడుస్తున్న దర్యాప్తును ఏడాదిపాటు ఆపించనూ వచ్చు. ఆ మండలిలో వీటో ఉన్న అయిదు దేశాల్లో అమెరికా, రష్యా, చైనా మూడూ కోర్టులో సభ్యులు కావు. తమ మీద రాని తీర్పును పక్కవాడి మీదికి పంపే అధికారం వారిది. సిరియా వ్యవహారాన్ని కోర్టుకు పంపుదామని 2014 మేలో తీర్మానం వస్తే రష్యా, చైనా వీటో చేశాయి, అంతటితో సరి. అణ్వాయుధ ప్రయోగాన్ని నేరాల జాబితాలో చేర్చలేదనీ, ఉగ్రవాదాన్ని వదిలేశారనీ మనవాళ్ళు అన్నదాంట్లోనూ పస ఉంది. ఈ అనుమానం మనకు ఇంకా వెనకటిది. టోక్యోలో 1946 నుంచి 1948 దాకా జపాన్ నాయకులపై విచారణ జరిపిన ట్రిబ్యునల్‌లో కలకత్తా హైకోర్టు నుంచి వెళ్ళిన రాధాబినోద్ పాల్, జపాన్ సైన్యం చేసిన ఘోరాలను కాదనకుండానే, గెలిచినవాడు ఓడినవాడిని విచారించడం న్యాయం అనిపించుకోదంటూ వెయ్యి పేజీలు దాటిన అసమ్మతి తీర్పు రాశారు.

అంత సూటిగా ఆలోచించగలిగిన మనం తర్వాత చేసిన పనులు చూడండి. 2002 డిసెంబరులో, ఒకరి పౌరులను మరొకరం ఆ కోర్టుకు అప్పగించబోమని అమెరికాతో ఒడంబడిక చేసుకున్నాం. 2011లో మనం భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యులం. లిబియా వ్యవహారాన్ని ఈ కోర్టుకే పంపుతూ ఫిబ్రవరి 26న 1970వ నంబరు తీర్మానం వస్తే, ఏకగ్రీవమైన ఆ తీర్మానానికి మన చెయ్యి కూడా లేచింది. భద్రతా మండలికి ఆ అధికారం ఉండకూడదని రోమ్‌లో చెప్పింది మనమే. లిబియాకు పనికొచ్చిన శ్రీరంగ నీతులు మనదాకా వచ్చేసరికి పనికిరాలేదు.

మళ్ళీ మా స్మారకం దగ్గరికి వస్తాను. 1971 యుద్ధం ముగిసేసరికి సుమారు 93,000 మంది పాకిస్తానీ బందీలు మన చేతిలో ఉన్నారు. వారిలో 195 మంది సైనికాధికారులను జాతిహననం, యుద్ధ నేరాల కింద విచారించాలని బంగ్లాదేశ్ పట్టుబట్టి, అందుకోసమే 1973 జూలైలో అంతర్జాతీయ నేరాల ట్రిబ్యునళ్ళ చట్టం చేసింది. పాకిస్తాన్ అంతకు ముందే మేలో మన దేశం మీద హేగ్‌లో దావా వేసింది. మీరు శీర్షికలో పేరు వేసిన కోర్టులో, నేర న్యాయస్థానం అప్పటికి పుట్టనే లేదు. తమవారు జాతిహననం చేశారన్న ఆరోపణను విచారించే హక్కు 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తమకొక్కరికే ఉందని వాదన. ఆ డిసెంబరులో దావా ఉపసంహరించుకున్నారు. 1974 ఏప్రిల్ 9న ఢిల్లీలో మూడు దేశాల విదేశాంగ మంత్రులు కూర్చుని సంతకాలు చేశారు. నేరాలు జరిగి ఉంటే అందుకు చింతిస్తున్నామని పాకిస్తాన్ అంది, క్షమాభిక్షగా విచారణ మానుకుంటున్నామని బంగ్లాదేశ్ అంది, 195 మందీ తక్కిన బందీలతో పాటు ఇళ్ళకు వెళ్ళిపోయారు. తామే విచారిస్తామన్న దేశంలో వారి మీద విచారణ జరగలేదు. పాకిస్తాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీలను వెనక్కి తెచ్చుకోవాలి, కొత్త దేశానికి గుర్తింపు కావాలి, ఉపఖండంలో నెమ్మది కావాలి. అప్పటి నాయకులకు ఇన్ని కారణాలున్నాయి, వారిని తప్పుపట్టేంతవాణ్ణి కాను. కానీ ఢాకా విశ్వవిద్యాలయంలో చనిపోయిన అధ్యాపకుల కుటుంబాలను ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఆ 1973 చట్టం అలా బీరువాలో పడి ఉండగా, 2010లో షేక్ హసీనా ప్రభుత్వమే దాన్ని దులిపి, 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడిన స్థానికుల విచారణకు ట్రిబ్యునల్ వేసింది. అదే చట్టం కింద అదే ట్రిబ్యునల్ 2025 నవంబరు 17న హసీనాకే, 2024 విద్యార్థుల ఉద్యమాన్ని అణచివేసిన తీరుకు మానవాళి పట్ల నేరాల కింద, ఆమె లేకుండానే మరణశిక్ష విధించింది. పేరులో ‘అంతర్జాతీయ’ అని ఉన్నా అది బంగ్లాదేశ్ దేశీయ కోర్టే. హేగ్ కోర్టుకైతే మరణశిక్ష వేసే అధికారమే లేదు. ఆమె 2024 ఆగస్టు 5 నుంచి మన దేశంలో ఉన్నారు, అప్పగించమని ఢాకా అడుగుతోంది. లేని మనిషిపై వేసిన ఉరిశిక్షకు మనిషిని పంపడం నాకు సమ్మతం కాదు. అయితే ఢాకా అడిగే ఆ నేరానికి మన శిక్షాస్మృతిలో ఏ సెక్షన్ సరిపోతుందని ఎవరైనా వెదికితే, దొరికేవి హత్య, కుట్ర, గాయపరచడం వంటివే.

అసలు నేను చెప్పదలచిన సంగతి ఇది. రోమ్ ఒప్పందం ప్రకారమే మొదటి అవకాశం సొంత దేశపు కోర్టులది. అవి చేతకాకనో, చెయ్యడం ఇష్టంలేకనో ఊరుకున్నప్పుడే హేగ్ కోర్టు కలగజేసుకుంటుంది. మా కోర్టులు సమర్థమైనవి, మా నేరాలు మేమే విచారించుకుంటాం అని మన ప్రభుత్వాలన్నీ, ఏ పార్టీ ఉన్నా, చెబుతూ వచ్చాయి. బాగానే ఉంది. మరి ఆ నేరం పేరు మన చట్టంలో ఉండాలి కదా! జాతిహనన నిరోధక ఒప్పందాన్ని మనం 1959లో ధ్రువీకరించాం. అవసరమైన చట్టం ప్రతి దేశమూ చేయాలని దాని అయిదో అధికరణం. నేటిదాకా చేయలేదు. 1984 నాటి సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కు యావజ్జీవ శిక్ష విధిస్తూ 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది: జాతిహననం గానీ మానవాళి పట్ల నేరాలు గానీ మన శిక్షాస్మృతిలో లేవనీ, వెంటనే సరిదిద్దవలసిన లోపమనీ. ఆ తీర్పు వచ్చేసరికి ఊచకోత జరిగి ముప్ఫై నాలుగేళ్ళు.

సరిదిద్దడానికి అవకాశం రాకపోలేదు. బ్రిటిష్ వారి శిక్షాస్మృతిని తీసేసి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. సంఘటిత నేరానికి 111, ఉగ్రవాదానికి 113, అయిదుగురు లేక అంతకు మించి కూడి కులం, మతం వంటి కారణాలతో మనిషిని చంపితే 103లో రెండో ఉపనిబంధన అని కొత్తవి చేర్చారు. మంచిదే. మన బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడకకు వచ్చిన ఆడవారి మెడలో గొలుసు తెంపుకుపోయే నేరానికి 304వ సెక్షన్ అని విడిగా పేరు దొరికింది. ఒక జాతిని, ఒక మతాన్ని, ఒక సమూహాన్ని తుడిచిపెట్టాలని చేసే నేరానికి 358 సెక్షన్లలో చోటు దొరకలేదు. ఇటువంటి చట్టం చేయడం మనకు చేతకాదని కాదు. జెనీవా ఒప్పందాల చట్టాన్ని 1960లోనే చేసుకున్నాం, ఎక్కడ జరిగినా సరే తీవ్రమైన యుద్ధ నేరాలను మన కోర్టుల్లో విచారించే వీలు అందులో ఉంది. అయితే ప్రభుత్వం తానే ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోరాదని ఒక నిబంధన కూడా పెట్టుకున్నాం. ఆ తాళం చెవి ఎవరి జేబులో ఉందో మా పాత రిజిస్టరు చూసినవాడికి వివరించనక్కర్లేదు.

హేగ్ కోర్టులో చేరాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చుకోవచ్చు. పైన చెప్పిన భద్రతా మండలి పేచీ తీరనంతవరకు చేరకపోయినా నేను బాధపడను. కానీ న్యాయ సంహితలో జాతిహననం, మానవాళి పట్ల నేరాలు అనే ఈ రెండింటినీ చేర్చడానికీ, ఫిర్యాదు చేసే హక్కు బాధితులకు కూడా ఇవ్వడానికీ ఏ విదేశీ ఒప్పందం అక్కర్లేదు, ఒక సవరణ బిల్లు చాలు. మన ఊళ్ళో ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యాయ కళాశాల ఉంది, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పిల్లల చేత ముసాయిదా ఒకటి రాయించి, మీరు అచ్చువేసి, మన ప్రాంతపు ఎంపీలను ఏమంటారో అడిగితే బాగుంటుందని నా అభిప్రాయం. ప్రైవేటు సభ్యుల బిల్లుగా పెట్టడానికి ఒక్క ఎంపీ చాలు.

శీర్షిక సంగతి మరిచిపోవద్దు. ఈసారి హేగ్ నుంచి వారెంటు వార్త వస్తే దయచేసి ‘అంతర్జాతీయ నేర న్యాయస్థానం’ అని వేయించండి. సింగిల్ కాలంలో పట్టదని సబ్ ఎడిటర్ అంటే ‘అంతర్జాతీయ’ తీసేసినా ఫర్వాలేదు గానీ, ‘నేర’ అన్న రెండక్షరాలు తీయవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత శిరస్తాదారు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.